పక్షవాతము: మెదడును కాపాడు ఔషధములు, వాని కాలనియమము

మెదడునకు రక్తమును కొనిపోవు ధమని యొకటి అకస్మాత్తుగా మూసికొనిపోవుటచేతగాని చిట్లుటచేతగాని, దానిపై ఆధారపడిన మస్తిష్కభాగము తన వ్యాపారమును కోల్పోగా, ఒక ప్రక్క కాలును చేయియు పడిపోవుట, మూతి వంకరపోవుట, మాట ముద్దగుట, చూపు సగము మరుగుపడుట మొదలగు లక్షణములతో హఠాత్తుగా పొడసూపు వ్యాధిని పక్షవాతమందురు. పాశ్చాత్యదేశములలో ఇందు నూటికి సుమారు 85 ధమని మూసికొనుటవలన కలుగునవి. తక్కినవి నాళము చిట్లి రక్తము మెదడులోనికో, దానిని కప్పిన పొరల నడుమకో స్రవించుటవలన కలుగునవి. ఆసియాఖండమున ఈ రెండవ తెగ కొంత హెచ్చు. ఈ వ్యాసము ప్రధానముగా మొదటి తెగను గూర్చినది.

ఈ వ్యాధి చికిత్సయందు ఏ మందు అను ప్రశ్నను ఎప్పుడు అను ప్రశ్ననుండి విడదీయుటకు వీలులేదు. ఒకే ద్రవ్యము మొదటి గంటలో రక్షకమై, ఆరవ గంటలో నిష్ఫలమై, మూడవ దినమున హానికరమగుటయు, మరియొక ద్రవ్యము తొలినాడు కీడు చేసి మూడవనాడు మేలు చేయుటయు ఇచ్చట కాననగును. గత నలువది సంవత్సరముల పరిశోధనలో పెక్కు ఔషధములు ఓడిపోవుటకు ఈ కాలధర్మమును సరిగా పాటింపకపోవుట ఒక ముఖ్యకారణము. అయితే గడియారమొక్కటి చూచిన చాలదనియు, మందు చేరవలసిన చోటికి రక్తము చేరుచున్నదో లేదో చూడవలెననియు ఆ పరిశోధనయే మనకు నేర్పినది.

మెదడు, రక్తము, శక్తి

మెదడు శరీరపు బరువులో నూటికి రెండు వంతులే యయినను, శరీరము విశ్రమించియున్న వేళ వినియోగించు ప్రాణవాయువులో అయిదవ వంతును అదియే గైకొనును. కండరములవలె, కాలేయమువలె అది శక్తిని చెప్పుకొనదగినంతగా నిలువచేసికొనజాలదు; గ్లూకోజును ప్రాణవాయువును రక్తము క్షణక్షణము అందించుచుండవలసినదే. ఈ రెంటినుండి కణములలో తయారగు శక్తిద్రవ్యమునకు అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, సంక్షిప్తముగా ఏ.టి.పి., అని పేరు. 1929లో హార్వర్డు వైద్యకళాశాలయందు సైరస్ ఫిస్కెతో కలిసి దీనిని వేరుచేసి చూపినవాడు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ సంవత్సరమే జర్మనీలో కార్ల్ లోమాన్ కూడ స్వతంత్రముగా దీనిని కనుగొనెను. పక్షవాతమున మెదడు చచ్చుట ఈ ఏ.టి.పి. తరుగుటతోనే ఆరంభమగును గనుక, ఈ ప్రకరణమున ఆ తెలుగు శాస్త్రజ్ఞుని తలంచుట ఉచితము.

ఆరోగ్యవంతుని మెదడున ప్రతి 100 గ్రాముల కణజాలమునకు నిమిషమునకు సుమారు 50 మిల్లీలీటర్ల రక్తము ప్రవహించును. ఈ ప్రవాహము 20కి దిగినప్పుడు నాడీకణములు విద్యుత్సంకేతములను పంపుట మానును. చేయి పడిపోవుట, మాట పోవుట ఈ దశలోనే కనబడును. ఇంకను తగ్గి 10 ప్రాంతమునకు చేరినప్పుడుగాని కణపు పొరలోని పంపులు ఆగిపోయి, పొటాషియము వెలుపలికి కారి, సోడియము, దానివెంట నీరు లోపలికి చొచ్చి, కణము ఉబ్బి చావదు. ఈ రెండు హద్దులను 1970లలో జెన్స్ ఆస్ట్రుప్, లిండ్సే సైమన్ మొదలగు పరిశోధకులు బబూన్ కోతుల మెదళ్లపై కొలిచి చూచిరి. రెండు హద్దులకు నడుమ చిక్కిన భాగము మాటాడకున్నను మరణింపలేదు. రక్తము తిరిగి వచ్చెనేని లేచి పనిచేయగలదు. గ్రహణసమయమున పూర్ణచ్ఛాయచుట్టు కనబడు లేతనీడను బట్టి దీనికి ఉపచ్ఛాయ అని పేరు పెట్టిరి. మెదడును కాపాడుటకు పుట్టిన ప్రతి మందును ఈ ఉపచ్ఛాయను ఉద్దేశించి పుట్టినదే.

ఉపచ్ఛాయ ఎంతకాలము నిలుచును? పెద్దకాలువకు అడ్డుపడినప్పుడు చివరి మళ్లలోని వరి ఎన్నాళ్లు ఓర్చునన్నది ప్రక్కనున్న పిల్లకాలువలనుండి వచ్చు నీటిని బట్టి యుండునట్లు, ఇచ్చటను ప్రక్కధమనులనుండి వచ్చు రక్తమే దీనిని నిర్ణయించును. ఆ ప్రక్కదారులు బలముగా నున్నవానికి పండ్రెండు గంటలు, ఒక్కొక్కప్పుడు ఇరువదినాలుగు గంటలు కూడ ఉపచ్ఛాయ మిగిలియుండవచ్చును. అవి సన్నగిల్లినవానికి రెండు గంటలలోనే అంతయు ముగియవచ్చును. లాస్ ఏంజిలిస్ నగరపు వైద్యుడు జెఫ్రీ సేవర్ 2006లో వేసిన లెక్క ప్రకారము, పెద్దధమని మూసికొనిన సగటు రోగి చికిత్స లేని ప్రతి నిమిషమునను 19 లక్షల నాడీకణములను, 1,400 కోట్ల నాడీసంధులను, 12 కిలోమీటర్ల నాడీతంతువులను కోల్పోవుచున్నాడు. ఇది సగటు మాత్రమే. మనిషికిని మనిషికిని నడుమ తేడా మిక్కిలి విస్తారము. కావున చికిత్సకు గంటల గడువు పెట్టుటయు, ఆ గడువు దాటినవారిలో ఇంకను రక్షింపదగినవారిని వెదకుటయు రెండును న్యాయమే.

విషక్రమము

రక్తము తగ్గిన తరువాత నాడీకణము ఒక్కసారిగా చావదు. ఒకదానివెంట ఒకటిగా కీడులు దానిపై పడును. ఏ.టి.పి. తరిగిన కొలది నిమిషములలోనే నాడీకణముల కొనలనుండి గ్లుటమేట్ అను సంకేతద్రవ్యము అమితముగా వెలువడి, ప్రక్కకణముల పొరపైనున్న ఎన్.ఎం.డి.ఏ. గ్రాహకములను పట్టి తెరచును. ఆ ద్వారమున కాల్షియము వెల్లువగా లోపలికి పారి, ప్రోటీనులను, కొవ్వులను ఛేదించు కిణ్వములను మేల్కొలిపి, కణమును లోలోపలనుండి తినివేయును. వంటలలో రుచికై చల్లు మోనోసోడియం గ్లుటమేటును లేత ఎలుకపిల్లలకు సూదిద్వారా ఇచ్చినచో వాని మెదడున కణములు నశించునని 1969లో సెయింట్ లూయీ నగరమున జాన్ ఓల్నీ చూపినప్పుడే ఈ ఉద్రేకవిషభావనకు బీజము పడెను. తరువాత గంటల వ్యవధిలో మైటోకాండ్రియా చెడి ఫ్రీ రాడికల్స్ అను తీక్ష్ణపదార్థములు పుట్టును. రక్తము తిరిగి పారుటయే వీని పుట్టుకకు ఒక్కొక్కప్పుడు దోహదమగును. ఆ వెనుక రక్తమునుండి తెల్లకణములు గుమిగూడి తాపము కలుగును. రక్తమునకు మెదడునకు నడుమగల అవరోధము సడలి నీరు చేరును. కొన్ని కణములు మాత్రము దినములు గడచిన పిమ్మట తమలోనున్న స్వయంవినాశవిధానము ననుసరించి మెల్లగా అంతరించును.

ఈ క్రమమును గుర్తెరిగినవానికి ఒక విషయము తేటపడును. గ్లుటమేటును అడ్డు మందునకు నిమిషములు, మహా అయిన గంట రెండు గంటలు మాత్రమే అదను. ఫ్రీ రాడికల్స్ ను అణచు మందునకు గంటలు, తాపమును తగ్గించు మందునకు గంటలనుండి దినములు. అన్నిటికిని ఆరు గంటలని ఒకే గడువు పెట్టుట ప్రకృతి పెట్టిన నియమము కాదు. పరీక్షలు నడపువారి సౌకర్యము మాత్రమే.

గడ్డను కరిగించుట

నిజమునకు మెదడును కాపాడు మందులలో మొదటిది నాడీకణమును తాకదు. ధమనిలోని గడ్డను కరిగించి రక్తమును మరల పారించును. అమెరికా జాతీయ నాడీవ్యాధుల సంస్థ 624 మంది రోగులపై జరిపించి 1995 డిసెంబరులో ప్రకటించిన పరీక్షలో, టిష్యూ ప్లాస్మినోజెన్ ఆక్టివేటర్ అను మందును లక్షణములు పుట్టిన మూడు గంటలలోపల పొందినవారిలో, మూడు నెలల తరువాత వైకల్యము లేకుండనో స్వల్పవైకల్యముతోనో మిగులు అవకాశము, అది పొందనివారికంటె కనీసము నూటికి 30 వంతులు హెచ్చెను. మెదడులో లక్షణసహితమైన రక్తస్రావము మాత్రము మందు పొందినవారిలో నూటికి 6.4, పొందనివారిలో 0.6. ఈ పరీక్షలో సుమారు సగము మందికి తొంబది నిమిషములలోపలనే మందు ఇయ్యవలెనని నిబంధన పెట్టుకొని అట్లే నెరవేర్చిరి. ఆ పట్టుదలయే దాని విజయమునకు మూలమని నా నమ్మకము. 1996 జూనులో అమెరికా ప్రభుత్వము ఈ మందును అంగీకరించెను. 2008లో ఐరోపా పరీక్షయొకటి, 821 మందిపై, గడువును నాలుగున్నర గంటలకు పొడిగించెను.

తొమ్మిది పరీక్షలలోని 6,756 మంది లెక్కలను కలిపి 2014లో చేసిన పరిశీలన కాలమహిమను అంకెలలో చూపెను. మూడు గంటలలోపల మందు పొందినవారిలో మంచి ఫలితము నూటికి 32.9, పొందనివారిలో 23.1, మూడు మొదలు నాలుగున్నర గంటలవరకు 35.3, 30.1, అటుపిమ్మట 32.6, 30.6. తేడా దాదాపు పదినుండి అయిదునకు, అయిదునుండి రెంటికి జారినది. రక్తస్రావ భయము మాత్రము అన్ని వేళలను అటులే నిలిచియున్నది. లాభము కరగుచు నష్టము నిలకడగా నుండుటయే గడువునకు అర్థము.

ఆసుపత్రిలో ఈ మందు ఇచ్చు విధము చూడదగినది. వైద్యుడు మొట్టమొదట అడుగు ప్రశ్న ‘ఎప్పుడు పడిపోయినాడు?’ అని కాదు. ‘బాగున్నప్పుడు ఆఖరుసారి ఎవరు చూచినారు, ఎన్ని గంటలకు?’ అని. రాత్రి తొమ్మిదింటికి అన్నము తిని పండుకొన్నాడు, తెల్లవారుజామున అయిదింటికి లేవబోయి కూలబడినాడని ఇల్లాలు చెప్పినచో, గడియారము అయిదింటినుండి గాక తొమ్మిదింటినుండియే నడచినట్లు లెక్క. రక్తములో చక్కెర చూతురు, ఏలయన చక్కెర పడిపోయినను పక్షవాతము వంటి లక్షణములే కనబడును. సి.టి. స్కాన్ తీసి రక్తస్రావము లేదని రూఢిచేసికొందురు. రక్తపోటు 185/110కి మించియున్నచో ముందు దానిని దింపుదురు. పొడిరూపముననున్న మందును నీటితో కలిపి, సీసాను కుదుపక నెమ్మదిగా త్రిప్పి కరిగించి, కిలో బరువునకు 0.9 మిల్లీగ్రాముల చొప్పున, 90 మిల్లీగ్రాములకు మించకుండ కొలుతురు. అరువది కిలోల మనిషికి 54 మిల్లీగ్రాములు. అందు పదియవ వంతు 5.4 ఒక నిమిషములో సిరలోనికి ఎక్కించి, తక్కిన 48.6 గంటసేపు పంపుద్వారా పోనిత్తురు. టెనెక్టెప్లేస్ అను క్రొత్తమందు ఈ గంటను కూడ మిగిల్చినది. దానిని ఒక్కసారిగా సూదివేసిన చాలును గనుక, రోగిని పెద్ద ఊరికి పంపవలసిన చిన్న ఆసుపత్రులకు అది ఎంతో అనుకూలము. భారతదేశమున కొన్నియేండ్లుగా వాడుకలో నున్నది. గుండెపోటునకు విరివిగా వాడిన చవుకమందు స్ట్రెప్టోకైనేజు మాత్రము ఇచ్చట పనికిరాలేదు. 1990లలో ఐరోపా, ఆస్ట్రేలియా ఖండములలో దానిపై జరిగిన పరీక్షలు రక్తస్రావములవలన నిలిచిపోయెను.

నిద్రలో పక్షవాతము వచ్చినవారు అయిదుగురిలో ఒకరు ఉందురు. వీరిని చాలకాలము గడువు తెలియదను కారణమున త్రోసిపుచ్చిరి. 2018లో ప్రకటితమైన ఐరోపా పరీక్షలో ఎం.ఆర్.ఐ. చిత్రములను రెండు విధముల తీసి, ఒకదానిలో కనబడు గాయము రెండవదానిలో ఇంకను కనబడనిచో అది నాలుగున్నర గంటలకు లోబడినదని గ్రహించి, 503 మందిపై పరిశీలించిరి. మందు పొందినవారిలో నూటికి 53.3, పొందనివారిలో 41.8 మంది కోలుకొనిరి. ఆ ఏడే గజ్జలోని ధమనిగుండ సన్నగొట్టము పంపి గడ్డను లాగివేయు ప్రక్రియ, చిత్రములలో రక్షింపదగిన మెదడు కనబడినవారికి ఇరువదినాలుగు గంటలవరకు లాభకరమని తేలెను. గోడమీది గడియారమునకు మారుగా కణజాలమునందే యున్న గడియారమును చదువుట అప్పటినుండి వైద్యులకు అలవడినది.

రక్షకౌషధముల పరాజయములు

గడ్డ కరిగించుట ఒక మార్గముగా, కరుగువరకు నాడీకణమును బ్రతికించుట రెండవ మార్గముగా పరిశోధకులు తలపోసిరి. 1984లో ఎలుకల మెదడున ఎన్.ఎం.డి.ఏ. గ్రాహకములను మూసివేసినచో రక్తహీనతవలని నాశము తగ్గునని రోజర్ సైమన్ బృందము చూపిన నాటినుండి ఆశలు వెల్లువెత్తెను. సెల్ఫోటెల్, ఆప్టిగనెల్, గావెస్టినెల్ అను మందులు వరుసగా మనుష్యులపై పరీక్షింపబడి, వరుసగా నిరాశ కలిగించెను. మొదటి రెండును భ్రాంతులు, కలవరము, మత్తు కలిగించుటయే గాక హానికరములను సంశయముతో ఆగిపోయెను. ఈ మూటికిని గడువు ఆరు గంటలు. ఎలుకకు ధమని కట్టుటకు ముందో, కట్టిన కొలది నిమిషములలోనో మందు ఇచ్చి, ఆ ఫలితమును నమ్మి మనిషికి ఆరవ గంటలో ఇచ్చినచో గ్లుటమేటు వెల్లువ ఎప్పుడో తీసిపోయియుండును; వరద పోయిన తరువాత గట్టు వేసినను చేను మిగులదు.

1999లో విద్యాలయముల పరిశోధకులును ఔషధపరిశ్రమవారును కలిసి, ఒకటికి మించిన జంతుజాతులపైనను, వేర్వేరు వేళలయందును మందును శోధించి, దాని కాలపు హద్దును తెలిసికొన్న పిమ్మటనే మనుష్యులకు ఇయ్యవలెనని నియమములు చేసిరి. ఈ నియమములకు లోబడి వచ్చినదని ప్రసిద్ధి కెక్కిన ఎన్.ఎక్స్.వై.-059 అను ఫ్రీ రాడికల్స్ నిరోధకము, 2006లో ప్రకటితమైన మొదటి పరీక్షలో స్వల్పలాభము చూపి, మూడువేలకు పైబడిన రోగులపై జరిగిన రెండవ పరీక్షలో 2007లో ఏమియు లేదని తేలెను. ఆ దెబ్బతో పెక్కు ఔషధసంస్థలు ఈ రంగమునుండి వైదొలగెను. ఆ కాలముననే ఒక ఆస్ట్రేలియా బృందము లెక్కింపగా, ప్రయోగశాలలలో శోధింపబడిన చికిత్సలు 1,026. అందు మనుష్యులవరకు వచ్చినవి 114.

ఈ పరాజయములనడుమ ఒక మందు నిలిచినది. అది నిలిచిన తీరు మిక్కిలి బోధకము. నిమోడిపిన్ అను కాల్షియ నిరోధకము ధమని మూసికొనిన పక్షవాతమున విఫలమయ్యెను. ఆరు గంటలలోపల ఇచ్చి చూచిన డచ్చి పరీక్ష కూడ దానిని రక్షింపలేదు. కాని మెదడు పొరలనడుమ ధమనీబుద్బుదము పగిలి రక్తస్రావమైనవారిలో అదే మందు, 1989లో ప్రకటితమైన బ్రిటిష్ పరీక్షయందు, మెదడుభాగము చచ్చుటను నూటికి 33నుండి 22కు తగ్గించెను. కారణము కాలమే. ఈ రోగులలో రక్తస్రావమైన మూడు నాలుగు దినముల తరువాతగాని ధమనులు ముడుచుకొని మెదడునకు రక్తము తగ్గదు. నాలుగు దినములలోపల మొదలుపెట్టి, నాలుగు గంటల కొకమారు 60 మిల్లీగ్రాముల చొప్పున ఇరువదియొక్క దినములు ఇచ్చు మందు, కీడు రాకముందే అచ్చట కాచుకొనియుండును. ఎలుకలపై ముందుగా మందు ఇచ్చి గెలిచిన విధమునకు మనుష్యులలో దొరకిన సరియైన ప్రతిరూపమిది.

అటులైనచో ఎంత త్వరగా ఇచ్చిన అంత మేలగునా? ఈ ప్రశ్నకు లాస్ ఏంజిలిస్, ఆరెంజి మండలములలో 2005నుండి 2012వరకు జరిగిన మెగ్నీషియం పరీక్ష సమాధానము వెదకెను. అంబులెన్సులలోనే మందుపెట్టె సిద్ధముగా నుంచి, రోగిని గాని బంధువును గాని వైద్యునితో సెల్ ఫోనులో మాటాడించి అంగీకారము పొంది, దారిలోనే 4 గ్రాముల మెగ్నీషియం సల్ఫేటు ఎక్కించి, ఆసుపత్రిలో ఇరువదినాలుగు గంటలలో మరి 16 గ్రాములు ఇచ్చిరి. పాల్గొన్న 1,700 మందిలో లక్షణములు పుట్టినది మొదలు మందు అందువరకు మధ్యస్థకాలము 45 నిమిషములు. నాలుగింట మూడు వంతులమందికి మొదటి గంటలోనే మందు అందెను. లోకమున అంతకు ముందు ఏ రక్షకౌషధ పరీక్షయు సాధింపని వేగమిది. అయినను తొంబదవ దినమున రెండు పక్షములకును భేదము కనబడలేదు. మెగ్నీషియం రక్తమునుండి మెదడులోనికి మెల్లగా చేరుననియు, నాడు గడ్డను లాగివేయు ప్రక్రియ వ్యాప్తిలో లేనందున పెక్కుమంది ధమనులు మూసికొనియే యుండెననియు విమర్శకుల అభిప్రాయము. మూసిన దారి వెనుకనున్న కణమునకు, సిరలో ఎక్కించిన మందు ఎట్లు చేరును? ఈ పరీక్ష విఫలమైనను వృథా కాలేదు. అంబులెన్సులోనే పరీక్ష నడపవచ్చునని అది స్థిరపరచెను.

అటుపిమ్మట రక్షకౌషధమును ధమనీపునరుద్ఘాటనముతో జోడించు యోచన బలపడెను. నెరినెటైడ్ అను చిన్న ప్రోటీను తునుక, కాల్షియపు వెల్లువవెంట కణములో రేగు విషసంకేతమును తెంచునది, 2020లో ప్రకటితమైన పరీక్షలో, గడ్డను లాగివేయుటకు సిద్ధమైన 1,105 మందిలో పండ్రెండు గంటలలోపల ఇయ్యబడెను. మొత్తముమీద లాభము లేదు. ఐతే గడ్డను కరిగించు మందు పొందనివారిని వేరుచేసి చూడగా, మంచి ఫలితము వారిలో నెరినెటైడ్ పొందినవారికి నూటికి 59.3, అది పొందనివారికి 49.8. గడ్డను కరిగించు మందు రక్తములో ప్లాస్మిన్ ను పుట్టించును. ఆ ప్లాస్మిన్ గడ్డతోపాటు నెరినెటైడ్ ను కూడ తునకలు చేసినది. రెండు మందులలో ఏది ముందు, ఏది వెనుక, ఎంత ఎడము అన్నదే ఇచ్చట చిక్కు. ఆ విడివిభాగపు లాభమును స్థిరపరచుటకు జరిపిన తరువాతి పరీక్షలో మాత్రము అది మరల కనబడలేదు. వెనుక తిరిగి లెక్కలు విడదీసి చూచినప్పుడు తోచు ఆశను తొందరపడి నమ్మరాదనుటకు ఇది మరియొక నిదర్శనము.

ఎడారవోన్, సిటికోలిన్

మన ఆసుపత్రులలో పక్షవాతరోగి మందులచీటీపై విరివిగా కనబడు రెండు పేర్లివి. ఎడారవోన్ ఫ్రీ రాడికల్స్ ను అణచునది. జపాను 2001లో దానిని అంగీకరించినది. ఇరువదినాలుగు గంటలలోపల మొదలిడి, 30 మిల్లీగ్రాములు దినమునకు రెండుమారులు, పదునాలుగు దినములకు మించకుండ ఇయ్యవలెనని అచ్చటి విధి. చైనాలో దానికి డెక్స్ బోర్నియోల్ అను మరియొక ద్రవ్యమును చేర్చి, 1,165 మందిపై నలువదియెనిమిది గంటలలోపల ఇచ్చి చూడగా, తొంబదవ దినమున మంచి స్థితిలోనున్నవారు మిశ్రమౌషధమున నూటికి 67, ఎడారవోన్ మాత్రమే పొందినవారిలో 59. ఈ ఫలితము ఆశాజనకమే. ఇతరదేశములలో ఇతరజనులపైనను ఇది నిలుచునని తేలవలసియున్నది. సిటికోలిన్ కణపుపొరను బాగుచేయునని ప్రతీతి. స్పెయిను, పోర్చుగలు, జర్మనీ దేశములలో 2,298 మందికి ఇరువదినాలుగు గంటలలోపల మొదలిడి ఇచ్చిన పరీక్షలో, 2012లో, లాభమేమియు కనబడలేదు. అది అపాయకరము కాదు. కాని పేదకుటుంబము అప్పుచేసి నెలలతరబడి దానిని కొనుచుండగా, ఆ సొమ్ముతో రక్తపోటు మాత్రలును వ్యాయామచికిత్సయు లభించియుండునని చూచువారికి మనస్సు నొచ్చును.

పగలు, రాత్రి

కాలమునకు గంటలు గాక దినచర్య యను మరియొక కోణము కలదు. బోస్టను నగరమున ఎంగ్ లో బృందము 2020లో ప్రకటించిన ప్రయోగములలో, మూడు రక్షకచికిత్సలు పగటిపూట పక్షవాతము కలిగించిన ఎలుకలకు ఉపకరించి, రాత్రిపూట కలిగించినవానికి ఉపకరింపలేదు. ఎలుకకు పగలు విశ్రాంతివేళ, రాత్రి సంచారవేళ. విశ్రాంతివేళ ఉపచ్ఛాయ విశాలముగాను, సంచారవేళ ఇరుకుగాను ఉండుట కనుగొనిరి. ప్రయోగశాలలో పని పగలే జరుగును గనుక ఎలుకలు నిద్రించువేళ శోధింపబడినవి; మనుష్యులకు పక్షవాతము ఉదయము ఆరునుండి మధ్యాహ్నమువరకు హెచ్చుగా వచ్చును, అది మనకు సంచారవేళ. వెనుకటి ఓటములలో దీని పాలెంతయో ఇంకను నిర్ధారణ కాకున్నను, ఇకముందు పరీక్షలలో రోగి పడిపోయిన వేళను కూడ వ్రాసికొనుట తప్పనిసరి యని నా తలంపు.

ఇంటివద్ద, దారిలో

తొందరపాటును కాలపాలనమును ఒకటిగా భావింపరాదు. మూసికొనిన ధమనియో చిట్లిన ధమనియో స్కాన్ తీయనిదే ఎంతటి వైద్యుడును చెప్పజాలడు. చైనాలో 2,404 మందికి అంబులెన్సులోనే రెండు గంటలలోపల రక్తపోటు తగ్గించు మందు ఇచ్చి 2024లో ప్రకటించిన పరీక్షలో మొత్తముమీద లాభము శూన్యము. విడదీసి చూడగా రక్తస్రావమైనవారికి మేలును, ధమని మూసికొనినవారికి కీడును కలిగినవి. కావున ఇంటనున్న బి.పి. మాత్రను హడావుడిగా మ్రింగించుట తగదు. గుండెనొప్పికి ఆస్పిరిన్ ఇచ్చినట్లు ఇచ్చట ఇంటివద్ద ఇయ్యరాదు. స్కాన్ లో రక్తస్రావము లేదని తేలిన తరువాత, నలువదియెనిమిది గంటలలోపల మొదలిడిన ఆస్పిరిన్ వేయిమందిలో సుమారు పదిమందికి మరణమునో మరల పక్షవాతమునో తప్పించునని 1997లో రెండు పరీక్షలు కలిసి సుమారు 40,000 మందిపై చూపెను. గడ్డను కరిగించు మందు ఇచ్చినచో ఇరువదినాలుగు గంటలు ఆగి దానిని మొదలుపెట్టుదురు.

తెలుగునాట మూతి వంకరపోయినవానికి గాలి సోకినదని ఆకుపసరు పట్టించుట, తెల్లవారనిండు పోవుదమని ఆగుట నేటికిని వినబడుచున్నవి. మ్రింగుట చేతగాని నోట పోసిన పసరైనను మంచినీరైనను ఊపిరితిత్తులలోనికి దిగి మరియొక వ్యాధిని తెచ్చును. 2005 ఆగస్టులో హైదరాబాదు కేంద్రముగా ఆరంభమైన 108 అంబులెన్సు సేవ తెలుగువారికి చేరువలోనున్న సాధనము. దానిని పిలిచినప్పుడు స్కాన్ వసతి గల ఆసుపత్రికే పోవలెనని అడుగుట, రోగి బాగుగా కనబడిన చివరి వేళను చీటీపై వ్రాసి పట్టుకొనిపోవుట, వాడుచున్న మాత్రలను, ముఖ్యముగా రక్తము పలుచబరచువానిని, వెంట కొనిపోవుట, ఈ మూడును ఏ మందుకంటెను ముందు ఇంటివారు చేయగల చికిత్స.

ఆలస్యముగా ఇయ్యవలసినవి

మొదటి దినములు గడచిన పిమ్మట మెదడు తన్ను తాను సరిదిద్దుకొనుటకు పూనుకొనును. అప్పుడు తొలినాటి శత్రువులు కొన్ని మిత్రములగును. తొలిగంటలలో కణములను చంపిన గ్లుటమేట్ సంకేతములే పిదప క్రొత్తసంధులు కుదురుటకు కావలసియుండును. 2010లో కాలిఫోర్నియా పరిశోధకులు క్లార్క్ సన్, కార్మైకేల్ మొదలగువారు, పక్షవాతమైన ఎలుకల మెదడున గాయముచుట్టు నాడీకణములు అతిగా అణగియుండుట గుర్తించి, ఆ అణచివేతను సడలించు మందును ఇచ్చి చూచిరి. పక్షవాతము కలిగిన వెంటనే ఇచ్చినప్పుడు గాయము పెరిగినది. మూడవ దినమునుండి ఇచ్చినప్పుడు కాళ్లచేతుల వాడుక మెరుగైనది. మందు అదే, ఎలుక అదే. మారినది దినము మాత్రమే.

మనుష్యులలో ఇట్టి విజయము ఇంకను లభింపలేదు. ఫ్రాన్సున 2011లో 118 మందిపై జరిగిన పరీక్షలో, అయిదునుండి పదిదినములలోపల మొదలిడిన ఫ్లుయోక్సెటిన్ అను మనోవ్యాధిమందు చేతికాలి బలమును పెంచునని తోచి లోకమున పెద్ద ఆశ రేపెను. 2019లో బ్రిటనులో 3,127 మందిపై, మరుసటి యేడు ఇతరదేశములలో జరిగిన పెద్దపరీక్షలలో వైకల్యము తగ్గలేదు; ఎముకలు విరుగుట మాత్రము హెచ్చినది. మందుగాని చికిత్సకు కూడ కాలనియమము వర్తించును. పక్షవాతమైన ఇరువదినాలుగు గంటలలోపలనే రోగిని లేపి, ఎక్కువసేపు మాటిమాటికి నిలువబెట్టి నడిపించినచో త్వరగా కోలుకొనునని తలచి 2,104 మందిపై ఆస్ట్రేలియా మొదలగు అయిదు దేశములలో చేసిన పరీక్ష 2015లో వెలువడగా, మూడు నెలలకు మంచి స్థితిలోనున్నవారు అట్లు చేసినవారిలో నూటికి 46, మామూలు విధమున మెల్లగా లేపినవారిలో 50. ఆ తరువాత తొలి దినమున పొడవైన సాధన మాని, రోగి ఓపికను బట్టి కొద్దికొద్దిసేపు కూర్చుండబెట్టుట, లేపుట మేలని పక్షవాతవిభాగములలో వాడుక అయినది.